లాకులో వెల్లకిల పందెం

ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పేదాంట్లో నాలుగో వంతు తరుగు తీసి చదువుకోండి. మా ఇంట్లోవాళ్లు సగం తీస్తారు. మీరు కొత్తవాళ్లు కనుక నాలుగో వంతుతో సరిపెడుతున్నాను.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, కాలువకు కొత్తనీళ్లు వదిలిన ఆషాఢంలో, నన్ను కర్నూలు–కడప కాలువ మీద కల్లూరు అవతల ఒక లాకుకు సూపరింటెండెంటుగా వేశారు. లాకంటే కాలువ మెట్టు దిగేచోట రెండు గేట్ల మధ్య కట్టిన రాతి తొట్టి. పడవ లోపలికి రాగానే పై గేటు మూసి, కింది గేటు అడుగున కంతను మూసే షట్టరు ఎత్తుతారు. నీళ్లతోపాటు పడవా దిగుతుంది. పడవవాడు శంఖం ఊదితే చాలు, షట్టరు చక్రం దగ్గరున్న లష్కరు, అంటే లాకు పనివాడి చేయి దానంతట అది తిరగాలి. ఇదీ మా శాఖ క్రమశిక్షణ. మా తొట్టి పొడవు సముద్రం కంటే కొంచెం తక్కువ.

లష్కరు మస్తాన్‌కు మోకాళ్లు పట్టేశాయి. నీళ్లలో దిగే పని అతని భార్య ఖాసింబీ చేసేది. పడవ తాడు కొసను పొట్టమీద పెట్టుకుని, ఈ గేటు నుంచి ఆ గేటుకు వెల్లకిలా ఈదేది. అలాగైతే వెనక వచ్చే పడవ కంటికి కనిపిస్తూ ఉంటుంది.

తనిఖీకి వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దొర, ఈదలేని లష్కరుకు ఉద్యోగం లేదనీ, నెలాఖరుకల్లా క్వార్టరు ఖాళీ చేయాలనీ అన్నాడు. ఆ ఉద్యోగం ఖాసింబీకి ఇవ్వవచ్చునని మనవి చేశాను. ఆడవాళ్లు ఈదుతారా అని నవ్వాడు. ఆ నవ్వు పక్కనున్న ఆయన చెల్లెలికి, అదే మా దొరసానికి, నచ్చలేదు. ఆవిడ తమ దేశం తరఫున ఏడు దేశాల ఆడవాళ్ల మధ్య వెల్లకిల ఈత పందెంలో మొదటి స్థానం గెలిచిన మనిషి. తనతో సమానంగా గేటు ముట్టుకుంటే ఖాసింబీకి ఉద్యోగం ఇవ్వాలంది. చెల్లెలి వేగం తెలిసిన దొర వెంటనే ఒప్పుకున్నాడు.

పందెం పెట్టిన ఆదివారానికి కల్లూరు ఖాళీ అయింది. రాజంపేట నుంచి రైలు నిండా జనం వచ్చారు. బేతంచెర్ల బండలు మోసే ఎద్దులు కూడా దారి మళ్లి వచ్చాయని ప్రతీతి.

"ఏమప్పా, ముందర ఏముండాదో సూడకుండా ఎట్ల పోతారు?" అని ఒకడు అడిగాడు.

"నువ్వు సంసారం సేస్తాండావు కదప్పా, అట్లే," అన్నాడు పక్కవాడు.

నాకూ అదే సందేహం. దొరసాని దానికి జవాబుగా, కింది గేటుకు కొంచెం ఇవతల, తొట్టికి అడ్డంగా ఎర్రగుడ్డలు కట్టిన తాడు వేయించింది. తలమీద గుడ్డలు కనిపిస్తే గేటు దగ్గరపడినట్టట.

ఖాసింబీ గోచీ బిగిస్తూ, "ఆయమ్మకు గుడ్డలు గావాల. నాకు గోడమింద పాచి సాలు," అంది.

తుపాకీ పేలిస్తే ఎద్దులు బెదురుతాయని, దొర ఒక పడవవాడి చేత శంఖం ఊదించాడు. ఇద్దరూ నీళ్లమీద వాలారు.

సగం దూరానికి దొరసాని ఒక మనిషి నిలువంత ముందుంది. అప్పుడు ఖాసింబీ చూపు గోడమీద ఆగింది. పాచి గీత పైకి పోతోంది. గోడలు పెరుగుతున్నాయి, ఆకాశం ఇరుకవుతోంది.

"ఏమయ్యా! షట్టరు ఎత్తినావా?" అని నీళ్లలోనుంచే కేక పెట్టింది.

"శంఖం ఊదినారు కదే!" అన్నాడు చక్రం దగ్గరి మస్తాన్.

"పడవ గాదయ్యా, నేను! మూయ్!"

నీళ్లన్నీ షట్టరు కంతవైపు లాగుతున్నాయి. తెలుగు రాని దొరసాని, తన వేగానికి తానే మురిసిపోతూ నేరుగా అటే పోతోంది. ఖాసింబీ పందెం వదిలేసి, ఒక చేత్తో గోడకు వేలాడే గొలుసునూ, రెండో చేత్తో దొరసాని కాలినీ పట్టుకుంది. దొరసాని తన్నింది, అరిచింది. ఆ అరుపులను తెలుగులో పెట్టను. మస్తాన్ చక్రం తిప్పి మూసేసరికి కృష్ణా, తుంగభద్ర రెండూ కలిసినంత నీళ్లు కిందికి పోయాయి.

ఎవరూ గేటు ముట్టుకోలేదు కనుక ఉద్యోగం లేదన్నాడు దొర. దొరసాని షట్టరు మళ్లీ ఎత్తించి, నీళ్లు దిగాక బయటపడిన కంతను అన్నకు చూపించింది. మనిషి పట్టేంత కంత. పందెంలో కాలు పట్టుకుంటే బయటికి పంపుతారనీ, లాకులో మాత్రం అలా పట్టుకునేవాళ్లే ఉండాలనీ చెప్పింది.  చివరికి దొర, లాకుకు ఏం కావాలో ఖాసింబీనే అడగమని నన్ను పంపాడు.

"ముందర మా ఆయప్పను ఆ చక్రం కాడనుంచి లేపండి సామీ. మిగిలింది నేను సూసుకుంటా."

సాయంత్రానికి లష్కరు ఉద్యోగం ఖాసింబీ పేరుకు మారింది. క్వార్టరు వాళ్లకే మిగిలింది.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒకటే. పనికి వాడే సంకేతాన్ని వినోదానికి వాడకూడదు. ఆ తరువాత మా లాకులో ఏ సరదా జరిగినా ఈల వేసే మొదలుపెట్టాం.

ఇక నేను కల్పించిందేమిటో చెప్పాలి. రాజంపేట రైలు, ఎద్దులు మీ తరుగులో పోయే ఉంటాయి. శంఖం నిజం, కాలు పట్టుకోవడం నిజం, ఉద్యోగం నిజం. దొరసాని ఆ ఏడు దేశాల పందెంలో ఈదిన మాటా నిజమే, కానీ వచ్చింది చివరి స్థానం. వెళ్లేముందు ఆవిడే నవ్వుతూ చెప్పింది. మొదటి స్థానం నేనిచ్చాను. ఖాసింబీ ఎవరి కాలు పట్టుకుందని జనం అడుగుతుంటే, చివర వచ్చినావిడ కాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు.