నౌకరీలో లేని రోజు

నేను నర్సుగా చేరిన రోజు మా అవ్వ బీడీల చాట పక్కన పెట్టి, నిజామాబాద్‌లో మా గల్లీ అంతా తిరిగి పేడాలు పంచింది. కడుపున పుట్టిన బిడ్డకు సర్కారు నౌకరీ అయిందని ఇంటింటికీ చెప్పింది. ఆర్డరులో ‘కాంట్రాక్టు పద్ధతిన’ అన్న మాట నేను చదివాను గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఆస్పత్రి సర్కారుది, మందులు సర్కారువి. జీతం ఒక్కటి వేరేగా ఎందుకుంటుంది అనుకున్నాను.

ఆర్మూర్ నుంచి వేల్పూర్ వైపు పోయే దారిలో, రోడ్డుకు లోపలగా ఒక ఊళ్లో ఆరోగ్య కేంద్రం. కాన్పుల గదికి ఇద్దరం నర్సులం. రెండో ఆమె పాత ఉద్యోగి. అక్కా అని పిలిచేదాన్ని. ఒక వారం ఆమె పగలు, నేను రాత్రి. మరో వారం తారుమారు. గది కడిగి, నీళ్లు కాచి, నొప్పులు పడే తల్లుల నడుము రాసే ఆయమ్మ కూడా పాత మనిషే. రిటైర్మెంటుకు దగ్గర పడింది.

మొదటి జీతం తీసుకున్న రోజు ఆయమ్మ చనువుగా అడిగింది. "ఎంతొచ్చింది బిడ్డా?"

చెప్పాను. ఆమె నవ్వింది. "నాకాడ దాస్తవేంది?"

దాచడం లేదని ఒట్టు వేశాక నవ్వు ఆపేసింది. తనకు ఎంత వస్తుందో మెల్లగా చెప్పింది. నా జీతానికి దాదాపు రెండింతలు. అక్కకు అంతకన్నా ఎక్కువ. లెక్కలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని నేరుగా ఆఫీసు గదిలోకి నడిచాను.

క్లర్కు సారు ఓపిక మనిషి. కుర్చీ చూపించి చెప్పాడు. "అక్కకున్నది స్కేలమ్మా. కింద ఇంత, మీద ఇంత అని ఉంటది. ఏటా ఒక ఇంక్రిమెంటు కలిసి బేసిక్ పెరుగుతది. ధరలు పెరిగితే దాని మీద డీఏ. ఇంటద్దె వేరే. ఏండ్ల తరబడి ప్రమోషన్ రాకపోతే దాని మీది స్కేలు ఇస్తరు. కొన్నేండ్లకోపారి పీఆర్సీ వచ్చి అందరి స్కేళ్లు మారుస్తది. ఆయమ్మది చిన్న స్కేలే. కానీ ఎన్నేండ్ల ఇంక్రిమెంట్లున్నయ్ ఆమెకు."

"మరి నాకు?"

"నీది కన్సాలిడేటెడ్. ఒకటే అంకె. ఈ ఏడు ఎంతనో వచ్చే ఏడు గంతే."

"నేను చేసేది గదే పని గద సార్."

"జీతం పనికి కాదమ్మా, పోస్టుకు."

సెలవు రోజున ఇంటికి పోయి అవ్వకు చెబితే ఆమె అసలు నమ్మలేదు. ఎవరో మధ్యలో మింగుతున్నారేమో మళ్లీ అడగమంది. ఎవరూ మింగడం లేదని, రూలే అంత అని చెప్పాను. అవ్వ చాట ముందుకు లాక్కుంది. తునికాకు కత్తిరిస్తూ కూర్చుంది.

అంతకంటే పెద్ద దెబ్బ ఏడాది చివర్లో తగిలింది. పసుపు ఉడకబెట్టే రోజులవి. ఊరంతా ఆ వాసనే. క్లర్కు సారు పిలిచి రేపు డ్యూటీకి రావద్దన్నాడు.

"నేను సెలవు పెట్టలేదు గద సార్."

"సెలవు కాదు. రేపు నువ్వు నౌకరీలనే లేవు. ఎల్లుండి కొత్త ఆర్డరు మీద చేరాలె. సర్వీసు తెగకుండ సాగితే మీరు స్కేలు అడుగుతరని, సాలుకొక్కనాడు తెంపుతరు."



మర్నాడు ఆస్పత్రి వెనక నా అద్దె గదిలో బట్టలు ఉతుకుతున్నాను. ఆయమ్మ చెప్పుల్లేకుండా ఉరికి వచ్చింది.

"బిడ్డా, జల్ది రా. పసుపు ఉడకబెట్టే కాడికెల్లి ఒకామెను ట్రాక్టర్ల తెచ్చిండ్రు. అక్క సెలవుల ఉంది. డాక్టర్ సారు మీటింగుకు పోయిండు."

"నేనియ్యాల నౌకరీల లేను ఆయమ్మా."

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయమ్మ నన్ను వింతగా చూసింది. "గదేంది? ఇయ్యాల నువ్వు నర్సువు కావా?"

తడి చేతులు చీరకు తుడుచుకుంటూ పరుగెత్తాను. మేం పోయేసరికి బిడ్డ తల కనబడుతోంది. బొడ్డు పేగు మెడకు చుట్టుకుని ఉంది. తప్పించి బయటికి తీస్తే బిడ్డ నీలంగా ఉంది, ఏడవలేదు. నోట్లో చీమిడి లాగి, వీపు రుద్ది, ముఖానికి మాస్కు పెట్టి రబ్బరు బ్యాగు నొక్కుతూ ఊపిరి పోశాను. కాసేపటికి సన్నగా మూలిగి, తర్వాత గట్టిగా ఏడ్చింది. ఆడపిల్ల. ఆయమ్మ బిడ్డను మెత్తటి గుడ్డలో చుట్టింది.

సాయంత్రం డాక్టర్ సారు వచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. నేనే చేశానని చెప్పగానే ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"బిడ్డకు ఏదన్న అయితే ఏం చెబుతుంటిమి? నౌకరీల లేని మనిషి కాన్పు చేసిందని చెప్పాల్నా?"

చెడ్డమనిషి కాదు. భయపడ్డాడు. కాన్పుల రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. ఆస్పత్రికి చేరేలోపే ట్రాక్టర్‌లో కాన్పు అయిందని రాశాడు. నేను అక్కడే నిలబడి చూశాను.

మర్నాడు బాలింత అత్త ఆ మాట విని నా దగ్గరికి వచ్చింది. "ట్రాక్టర్ల పుట్టిందంటున్నరు సిస్టరమ్మా. ఈ బల్ల మీదనే గద పుట్టింది? నా కండ్లతోని సూస్తి."

అవునన్నాను. అప్పటికి నేను కొత్త ఆర్డరు మీద చేరి, డ్యూటీలో ఉన్నాను.

కొన్నేళ్లకు నాకు రెగ్యులర్ పోస్టు వచ్చింది, బోధన్ వైపు ఆస్పత్రిలో. చెరుకు బండ్లు వరసకట్టే రోడ్డు పక్కన. చేరిన రోజున కాంట్రాక్టు ఏళ్లు ఎక్కడ కలుపుతారని అడిగాను. కలపరన్నారు. స్కేలులో అట్టడుగు నుంచే మొదలు. నాతోపాటు అదే రోజు ఒక అమ్మాయి చేరింది, ట్రైనింగు అప్పుడే అయిపోయింది. ఇద్దరికీ ఒకే బేసిక్. ఆ వారంలోనే ఒక కాన్పుకు కుట్లు వేయాల్సి వస్తే ఆమె సూది నా చేతిలో పెట్టింది.

"అక్కా, నాకు భయమైతుంది. జర నువ్వు వెయ్యవా?"

"నువ్వే వెయ్యి. నేను పక్కనే ఉంటా" అని సూది ఆమె చేతికిచ్చి, లైటు దగ్గరికి జరిపాను.