గౌరవంగా విశ్రాంతి

డిగ్రీలో మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారే వన్‌టౌన్‌లోని మా చర్చికి సెక్రటరీ. ఎదుటివాళ్లను ఒప్పించాలంటే ముందు మన మీద నమ్మకం కలిగించాలని, తర్వాత వాళ్ల మనసు కరిగించాలని, ఆఖర్న కాదనలేని కారణం చూపించాలని క్లాసులో చెప్పేవారు. నాకు ఆ పాఠం చాలా ఇష్టం.

నాలుగేళ్ల కిందట అదే పాఠాన్ని ఆయన మా అమ్మ మీద ప్రయోగించారు. చర్చిలో పాటలు నడిపించేది అమ్మే. ఆ ఏడాది ఆమె గొంతు జీరబోయింది. ఆరాధన అయ్యాక జరిగిన మీటింగులో మాస్టారు లేచి, ముందు అమ్మ సేవను పొగిడారు. ఆవిడ పాడలేక పడే అవస్థ చూడలేకపోతున్నానంటూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వయసు మీద పడినవారికి గౌరవంగా విశ్రాంతి ఇవ్వడం మన బాధ్యత అన్నారు. అందరూ చేతులెత్తారు. మరుసటి ఆదివారం ఆయన కోడలు మైకు పట్టుకుంది. అమ్మ మూడో వరుసలో పెదవి కదపకుండా కూర్చుంది.

రెండేళ్లు ఆగాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉండే మా సంఘం ఆడవాళ్ల ఇళ్లకు ప్రార్థనలకు వెళ్లాను, వాళ్లకు అర్జీలు రాసిపెట్టాను. వాళ్లంటే ఇష్టం లేక కాదు గానీ, వెళ్లింది మాత్రం పని పెట్టుకునే.

సెక్రటరీ ఎన్నికకు మాస్టారు మళ్లీ నిలబడ్డారు. నేను లేచి, నా గురువుగారంటూ ఆయనకు నమస్కరించాను. మీటింగుల్లో ఆయన కునుకు తీస్తున్నారని, మెట్ల మీద రెండుసార్లు తూలారని, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోందని చెప్పాను. ఆ చివరి మాట తప్ప ఒక్కటీ అబద్ధం కాదు. తర్వాత ఆయన వైపే చూస్తూ అన్నాను:

"వయసు మీద పడినవారికి గౌరవంగా విశ్రాంతి ఇవ్వడం మన బాధ్యత. మాస్టారే చెప్పారు."

ఆయన వద్దంటూ ముందుగా హార్బర్ ఆడవాళ్ల చేతులు లేచాయి. ఆయన ఓడిపోయారు.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం వడ్డిస్తూ, "ముసిలాయన్ని అందర్లోనూ అలా సేసీసినావేటే?" అంది.

నీకు చేసింది మర్చిపోయావా అని అడిగాను.

"నాను మర్సిపోనేదు. అయినా నిన్ను నాను అడిగినానా?"

కొత్త కమిటీ వాళ్లు పిలిచినా అమ్మ మళ్లీ మైకు ముట్టలేదు. నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు.

మాస్టారు ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుంటున్నారు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను తిరిగి ఆయన్ని చూస్తాను. జాలి కలుగుతుందేమోనని కొన్నాళ్లు ఎదురుచూశాను. కలగలేదు.