మూడో గడి

కొల్లేటి లంకలో బడి పంతులమ్మగా నన్ను వేసిన ఏడాది నాకు పంతొమ్మిదేళ్లు. అది ముప్పైల నాటి మాట. ఆ ఊరికి బాట లేదు, పడవ ఒక్కటే దారి. వానాకాలం వస్తే ఇళ్ల చుట్టూ నీళ్లు, నీళ్లలో కిక్కిస గడ్డి, గడ్డిలో పిట్టలు. పిల్లలు మధ్యాహ్నానికే వలల దగ్గరికి వెళ్లిపోయేవారు. ఇక సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఊళ్లోవాళ్లు మర్యాదస్థులే. "ఏవండీ పంతులమ్మగారూ, బాగున్నారాండీ" అనేవారు, నేను నోరు తెరిచేలోగా దాటిపోయేవారు. నాదీ ముక్కుమీద కోపమే. పలకరించకపోతే అలిగేదాన్ని, పలకరిస్తే విసుక్కునేదాన్ని.

తాడేపల్లిగూడెంలో మా నాన్న ఒక్కడే ఉండేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నకి బియ్యం మిల్లులో పని. ఆ ఊక దుమ్ముకి ఎప్పుడూ దగ్గు. నేను ఏలూరు బోర్డింగులో చదువుకున్నన్నేళ్లూ తన చేత్తో తనే వండుకు తిన్నాడు. ఇక ఆ పని నాది అనుకున్నాను. గూడెంలో మా మిషను బడిలో ఒక పంతులమ్మకి చోటుంది. కాని అక్కడ పిల్లలకి ఇంగ్లీషు కూడా చెప్పాలి. ఇంగ్లీషు పరీక్ష పాసైతే ఆ చోటు నీకే ఇస్తాం అన్నారు. నా ఇంగ్లీషు సంగతి చెప్పుకుంటే సిగ్గు. చదవమంటే గడగడా చదివేదాన్ని, ఒక్క ముక్క సొంతంగా రాయమంటే నీళ్లు నమిలేదాన్ని.

బోర్డింగులో నాకు చదువు చెప్పిన పెద్ద పంతులమ్మగారు అప్పటికి పని మానేసి, ఏలూరులో తివాచీలు నేసే వీధి చివర చిన్న ఇంట్లో ఉండేవారు. దూరం నుంచే నేర్పుతానన్నారు. నోటుబుక్కులో గీతలు గీసి మూడు గడులు చేశారు. మొదటి గడిలో మాట ఆవిడ రాస్తారు. రెండో గడిలో దాని అర్థం నిఘంటువు చూసి నేను రాయాలి. మూడో గడిలో ఆ మాట పెట్టి సొంతంగా ఒక వాక్యం రాయాలి.

"పుస్తకంలోంచి ఎత్తి రాశావంటే నాకు తెలిసిపోతుందమ్మాయ్. నీకు జరిగిందే రాయి. జరగంది రాస్తే వ్యాకరణం ఒప్పయినా తప్పే వేస్తాను," అన్నారు.

వారం విడిచి వారం శనివారం పడవలో నోటుబుక్కు ఏలూరు వెళ్లేది. మరుసటి శనివారం ఎర్రసిరా మరకలతో తిరిగొచ్చేది.

జరిగిందే రాయమంటే లంకలో ఏం జరుగుతుంది? మొదటి నెలలోనే గూడబాతులూ చేపలూ వానా అయిపోయాయి. 'పేషెన్స్' అంటే ఓర్పు. గూడబాతుకి ఓర్పు ఉంది, నాకు లేదు అని రాశాను. టిక్కు పడింది. 'నైబర్' అంటే ఇరుగుపొరుగు. నా పొరుగున నీళ్లున్నాయి అని రాశాను. దానికీ టిక్కే. నాకు విసుగ్గా ఉంది అనబోయి "ఐ యామ్ బోరింగ్" అని రాస్తే, ఆవిడ కొట్టేసి "బోర్డ్" అని దిద్దారు. నీకు విసుగు పుడితే 'బోర్డ్', నిన్ను చూసి ఎదుటివాళ్లకి విసుగు పుడితే 'బోరింగ్' అని ఇంగ్లీషులో వివరం కూడా ఇచ్చారు. నా విషయంలో రెండూ నిజమేనని ఆవిడకి తెలియదు పాపం.

పోను పోను ఆ మూడో గడే నా ఉత్తరమైపోయింది. సాయంత్రమయ్యేసరికి బడిలో నేనొక్కదాన్నే మిగులుతాను అని రాశాను. టిక్కు. మూడు రోజుల నుంచి నా గొంతు నేను వినలేదు అని రాశాను. ఆవిడ 'సిన్స్' కొట్టేసి 'ఫర్' పెట్టారు. గొంతు సంగతి అడగలేదు. ఇంత చదువుకున్న మనిషికి వాక్యంలో అక్షరాలే తప్ప మనిషి కనిపించదా అని నాకు ఒళ్లు మండిపోయేది. అలాగని మానలేదు. శనివారం వచ్చిందంటే పొద్దుటి నుంచీ రేవు వైపే చూసేదాన్ని. ఆ ఎర్రసిరా తప్ప నాకు జవాబిచ్చేది ఇంకేదీ లేదు.

నవంబరులో ఒకవారం ఆవిడ ఇచ్చిన మాటల్లో 'మిస్' ఉంది. నిఘంటువు చూసి రెండో గడిలో 'గురి తప్పు, అందుకోలేకపోవు' అని రాసుకున్నాను. మూడో గడి ఇంకా నింపలేదు. అంతలో గూడెం నుంచి కార్డు వచ్చింది. మా పక్కింటి అత్త ఎవరిచేతో రాయించింది. మీ నాన్నకి ఏమీ బాగాలేదు, నిన్ను చూడాలంటున్నాడు, వెంటనే బయల్దేరు అని.

గుడ్డల సంచితో రేవుకి పరుగెత్తాను. అప్పటికే ఈదురుగాలి. పడవాయన పడవని గట్టు మీదికి లాగేసి ఉన్నాడు.

"ఇయ్యాల ఎల్లలేమండి పంతులమ్మగారూ. నీళ్లు బాగోలేవండి. రేపు చూద్దారండి," అన్నాడు.

"మా నాన్నకి బాలేదయ్యా."

"తెలుసండి. మనం మునిగిపోతే ఆయన్ని ఎవరు చూత్తారండి?"

అతని మీద కేకలేశాను. అతను పడవ తాడుకి ఇంకో ముడి వేశాడు. ఆ రోజూ, మర్నాడూ గాలి తగ్గలేదు. మూడో రోజు తెల్లవారుతూనే అతనే వచ్చి పిలిచాడు. కొల్లేరు దాటి, ఎడ్లబండెక్కి ఏలూరు స్టేషను చేరేసరికి రైలు కదిలిపోయింది. ఆఖరి పెట్టె మాత్రం చూశాను. తర్వాతి రైలు మధ్యాహ్నం. గూడెంలో దిగి ఇంటికి వెళ్లేసరికి గుమ్మంలో పక్కింటి అత్త కూర్చుని ఉంది.

"పొద్దున్నే మన చర్చి వెనక సమాధుల్లో మట్టి చేసేశారమ్మా. నీకోసం రెండు రైళ్లు చూశాం," అంది.

పది రోజులకి మళ్లీ లంకకి వచ్చాను. పరీక్ష పాసై ఎవరికి వండిపెట్టాలో తెలియదు. ఏం చెయ్యాలో తోచక నోటుబుక్కు తీశాను. వదిలేసిన చోటే ఉంది. మొదటి గడిలో 'మిస్', రెండో గడిలో 'అందుకోలేకపోవు'. మూడోది ఖాళీ. రైలు అందలేదు అనడానికి ఎలా రాస్తారో అలాగే రాశాను. "ఐ మిస్డ్ మై ఫాదర్." మా నాన్న పోయాడని ఎక్కడా చెప్పలేదు. చూద్దాం, దీనికీ టిక్కు పెడతారేమో అనుకున్నాను. ఏడుపు కంటే ఆ కోపమే ఎక్కువగా ఉంది నాకు.

పంపిన నోటుబుక్కు మరుసటి శనివారం తిరిగొచ్చింది. టిక్కు లేదు. ఆ మాట చివరి రెండక్షరాలూ ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి. 'మిస్డ్' పోయి 'మిస్' మిగిలింది. మా నాన్న చావుకి కూడా తప్పు వేశారా అని నోటుబుక్కు విసిరికొట్టాను. అది గుమ్మం అవతల బురదలో పడింది. కాసేపటికి వెళ్లి తీసి, పమిటతో తుడుస్తుంటే అడుగున తెలుగు కనిపించింది. అన్ని నెలల్లో ఆవిడ తెలుగులో రాయడం అదే మొదలు.

"అమ్మాయీ, నీ వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. కాని మీ నాన్నని రైలు తప్పిపోయినట్టు రాశావు. ఈ మాటకి నీ నిఘంటువులో లేని అర్థం ఇంకొకటి ఉంది. బెంగపెట్టుకొను. ఆ అర్థంలో రాస్తే జరిగి అయిపోయినట్టు రాయకూడదు. రెండో గడి దిద్దుకో. వచ్చే శనివారం నోటుబుక్కు పంపకు, నువ్వే తీసుకురా. అన్నం ఇక్కడ తిందువుగాని."

రేవుకి వెళ్లేవాళ్లు చూస్తుండగా ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఎవరో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

శనివారం వెళ్లాను. ఆవిడ ఇంట్లో ఉన్నది ఒక్కటే కంచం. అది నాకు పెట్టి, తను గిన్నె మూతలో వడ్డించుకున్నారు. నాన్న గురించి అడిగారు. దగ్గు దగ్గర్నుంచి మొదలుపెట్టి చీకటి పడేదాకా చెప్పాను. ఒక్క ముక్క దిద్దలేదు.

పరీక్ష పాసయ్యాను. గూడెం బడి ఇచ్చారు. వద్దనడానికి మనసొప్పక వెళ్లాను. మిల్లు కూత విన్నప్పుడల్లా నాన్న వచ్చే వేళయిందనిపించేది.

అక్కడ పెద్ద తరగతికి ఒకరోజు 'మిస్' అనే మాట వచ్చింది. నల్లబల్ల మీద మూడు గడులు గీశాను. జరిగిందే రాయాలన్న షరతు నా పిల్లలకీ పెట్టాను కాబట్టి నేనూ జరిగిందే రాయాలి. "ఐ మిస్ మై ఫాదర్" అని రాశాను. ముందు వరసలో కూర్చున్న పిల్ల అర్థం చదువుకుని చెయ్యెత్తింది.

"మీ నాన్నగారు దూరంగా ఉంటారాండీ?" అంది.

"లేదమ్మా," అన్నాను. "ఈ ఊళ్లోనే ఉన్నారు."