సారీకి మూడు మాటలు

ముకుందన్‌కు స్పానిష్ వచ్చునంటే వాళ్ళ పేట ఉప్పళంలో మొదట ఎవరూ నమ్మలేదు. ఫ్రెంచి అంటే సరే, పుదుచ్చేరిలో పుట్టినవాడికి ఆమాత్రం గాలికే అంటుకుంటుంది. ఈ స్పానిష్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఆదివారం సంతలో అట్ట చిరిగిన ఇంగ్లీషు–స్పానిష్ నిఘంటువు ఒకటి దొరికింది, ఎవరో టూరిస్టు వదిలేసి పోయిన క్యాసెట్లు దొరికాయి, మిగిలినదంతా మొండిపట్టు. దాంతోనే సముద్రం పక్కన పట్టాభి నడిపే గెస్ట్ హౌస్‌లో ఉద్యోగం సంపాదించాడు. తాళాలిచ్చేది అతనే, బస్సు టికెట్లు తెచ్చేది అతనే, స్పెయిన్ వాళ్ళెవరైనా దిగితే వాళ్ళకూ, ముదలాళి అని అందరూ పిలిచే యజమాని పట్టాభికీ మధ్య నిలబడి మాట్లాడేదీ అతనే.

చేరిన కొత్తలో ఒకసారి పప్పులో కాలేశాడు. ఒక స్పెయిన్ ఆసామి సాంబారు గిన్నె చూపించి ఇది హాటా అని ఇంగ్లీషులో అడిగాడు. మనవాడు హుషారుగా నిఘంటువులో మొదట కనబడ్డ మాట అందుకుని ‘కాలియెంతె’ అన్నాడు. అంటే వేడి. ఆయన ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుని గిన్నెడూ ఒక్క గుక్కలో లాగించాడు. ఆ తర్వాత ఆయన కళ్ళూ ముక్కూ చూడాలి! పాపం, ఆయన అడిగింది కారం సంగతి. దానికి మాట ‘పికాంతె’.

ఆ దెబ్బతో ముకుందన్‌కు ఒక పద్ధతి పట్టుబడింది. ఇంగ్లీషు మాట చెవిన పడగానే ముందు దాన్ని ఇంటి తెలుగులో నిలదీస్తాడు. లైటంటే ఏంది, వెలుతురా, బరువు లేకపోవడమా? రైటంటే కుడిచెయ్యా, ఒప్పా, హక్కా? ఆ లెక్క తేలాక గానీ స్పానిష్ జోలికి పోడు. తేలకపోతే ఎదుటి మనిషినే అడుగుతాడు, విసుక్కున్నా వదలడు. ఇంత జాగ్రత్త ఊళ్ళో ఇంకెవరికీ లేదని అతనికి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఉన్నదాన్ని లేదనడం ఎందుకు?

ఆ ఏడాది వానలకు ముందు పిలార్ అనే పెద్దావిడ వచ్చి మేడ మీది గదిలో దిగింది. బొమ్మలు వేస్తుంది. ఇంగ్లీషు అంతంతమాత్రం. సాయంత్రం టీ తాగుతూ ముకుందన్ అడిగే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పేది. ఒకరోజు సారీ సంగతి వచ్చింది. కాలు తొక్కితే ‘దిస్కుల్పె’ అంటే చాలు అంది. ఒకరింట్లో చావైతే ‘లో సియెంతో’ అంటాం, అంటే నాకు బాధగా ఉందని, అందులో నీ తప్పేమీ ఉండనక్కర్లేదు. నీ చేత్తో నువ్వే చెడగొట్టావనుకో, అప్పుడు ‘పెర్దోన్’ అనాలి, ఆ తర్వాత అవతలివాళ్ళు ఏమన్నా పడాలి అంది. ముకుందన్ పకపకా నవ్వి, మా ముదలాళి అన్నిటికీ ఒక్క సారీతోనే కానిచ్చేస్తాడన్నాడు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు ఆ ఊళ్ళో పనిముట్టుకు గంధం, కుంకుమ పెట్టని ఇల్లుండదు. వంటింటి కత్తులు, నీళ్ళ మోటారు, పట్టాభి స్కూటరు, ఆఫీసు కంప్యూటరు అన్నీ కడిగో తుడిచో బొట్లు పెట్టుకుని సిద్ధమయ్యాయి. ముకుందన్ నిఘంటువు సరస్వతి పటం ముందు చేరింది. పిలార్‌కు ఇదంతా భలే నచ్చింది. ఇవి కూడా పెట్టు అని తన కుంచెలు చేతికిచ్చి, స్నేహితురాలిని చూడాలని దగ్గర్లోని ఆరోవిల్ వెళ్ళింది.

కుంచెలతో ఆగి ఉంటే ఈ కథే లేదు. ఆవిడ గది తలుపు వేయబోతూ ముకుందన్ కిటికీ దగ్గర రంగులు కలుపుకునే చెక్కపలక చూశాడు. దాని మీద రంగు గడ్డలు గడ్డలుగా ఎండిపోయి ఉంది. కుంచెలు పెట్టి ఈ పలకను పెట్టకపోతే ఎట్లా? పెడితే ఇంత మురికితో అమ్మవారి ముందు ఎట్లా? పాపం పెద్దావిడ, కడుక్కునే ఓపిక లేక వదిలేసిందనుకున్నాడు. పెరట్లో కూర్చుని టర్పెంటైన్ పోసి నానబెట్టాడు, మొండికత్తితో గీకాడు, గరుకు ఉప్పు కాగితంతో రుద్దాడు. మధ్యాహ్నమంతా పట్టింది. అడుగున చెక్క చారలు బయటపడ్డాక దానికి గంధం పూసి, కుంకుమ పెట్టి, పటం ముందు ఆనించి మురిసిపోయాడు. వేళ్ళు బొబ్బలెక్కినా సంతోషంగా ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి పట్టాభి అరుపులు వీధిలోకి వినిపిస్తున్నాయి. గదులు ఊడ్చే అంజలై, విల్లియనూరు నుంచి బస్సులో వచ్చే మనిషి, మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“గదిలోకి పోయేది నువ్వే గదా! ముకుందన్‌కు ఆమె ఇచ్చింది ఉత్త కుంచెలేనంట. ఆ పలక ఎవరు గీకమన్నారు? పైన ఆమె రాత్రి తిండి గూడా తినలే, తెలుసునా?”

“నేను గాదు ముదలాళీ,” అంది అంజలై. అంతకుమించి ఒక్క మాట లేదు.

ముకుందన్ గడపలోనే ఆగిపోయాడు. నోరు తెరవాలి. ఇప్పుడే తెరవాలి. కానీ స్పెయిన్ వాళ్ళ పద్ధతులు తెలిసినవాడని కదా ముదలాళి తనను పెట్టుకుంది, ఇంత పెద్ద అవివేకం తనదంటే ఇంకేముంది మిగిలేది? అంజలై అతని వైపు చూసింది. అతను గోడను చూశాడు.

“లెక్క తీసుకొని ఇంటికి పో. ఇంక రావద్దు,” అన్నాడు పట్టాభి. “ముకుందా, రా, పైన ఆమెకు నాలుగు మంచిమాటలు చెప్పాల.”

పిలార్ మంచం మీద కూర్చుని ఉంది. పలక ఒళ్ళో ఉంది. పట్టాభి చేతులు జోడించి, “మేడమ్, వెరీ సారీ. స్వీపర్ మిస్టేక్,” అని ముకుందన్‌ను మోచేత్తో పొడిచాడు.

సారీ. ఏ సారీ? నిలదీయడానికి ఏముంది, దానికి మాట ఏదో అతనికి తెలుసు. ఆవిడే నేర్పింది. తెలిసీ, “లో సెంతిమోస్ ముచో,” అన్నాడు. మాకందరికీ చాలా బాధగా ఉందని. చావింటి గడప అవతల నిలబడి అనే మాట. తన గొంతు తనకే రోతగా వినిపించింది.

పిలార్ తలూపింది. అది తన నాన్న పలక అని నెమ్మదిగా చెప్పింది. ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవాడట. ఒకరోజు రంగులు కలిపి అన్నానికి లేచి, ఆ పూటే కన్నుమూశాడట. ఆ రంగులు ఆరిపోకుండా ఆపలేకపోయాను గానీ, గీకడానికి మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు అంది. “ఆ పనామెను ఏమీ అనొద్దని చెప్పు. మురికనుకుంది, పాపం. నాకు కోపం లేదని ఆమెకు చెప్పు.”

అయ్యో దేవుడా! తిట్టినా బాగుండేది. ముకుందన్ మంచం దగ్గరికి జరిగాడు.

“పెర్దోనెమె, సెన్యోరా,” అన్నాడు. నన్ను క్షమించండి. “ఆమె కాదు. నేను. నా చేతులతో నేనే గీకాను.”

పిలార్ అతని వేళ్ళ మీది బొబ్బలు చూసింది.

“ప్రతి మాటకూ అర్థమేమిటని రోజూ నన్ను అడిగేవాడివి. దీన్ని ముట్టుకునే ముందు ఒక్కసారి అడగాలనిపించలేదా?” అంది.

క్షమించానని అనలేదు. అనాలని అతనూ ఆశించలేదు. తల వంచుకున్నాడు.

“ఏమంటా ఉండాది? సరేనందా?” అని గుసగుసగా అడిగాడు పట్టాభి. అతనికి స్పానిష్ ముక్క రాదు. అప్పుడు తెలిసింది ముకుందన్‌కు, తను చేసిన పని ఎంత సులువైందో. ఆ గదిలో తనకూ ఆవిడకూ తప్ప ఇంకెవరికీ తెలియని భాషలో ఒప్పుకున్నాడు. కింద ఒక మనిషి ఉద్యోగం పోయి నిలబడి ఉంది.

గబగబా మెట్లు దిగాడు. అంజలై సంచి చంకన పెట్టుకుని గేటు దాకా వెళ్ళిపోయింది. అతను పరిగెత్తి అడ్డం నిలబడ్డాడు. వెనకే పట్టాభి ఆయాసపడుతూ వచ్చాడు.

స్పానిష్‌లో సారీకి మూడు మాటలు తెలిసినవాడికి ఇంటి భాషలో ఒక్కటీ తోచలేదు. క్షమించు అనే మాట వాళ్ళింట్లో ఎవరూ ఎవరితోనూ అన్నది అతను వినలేదు.

“ముదలాళీ, అంజలక్క కాదు. నేను. నేనే గీకినాను,” అన్నాడు. “తప్పయిపాయ అక్కా. నాదే తప్పు.”

పట్టాభి నోరు తెరిచాడు. “అడ పాపీ! మరి పైన ఆమెతో ఏం చెప్పినావు?”

“ఇదే చెప్పినా.”

“ఆమెకు చెప్తివి, నాకు చెప్పలేవా? నిన్ను తర్వాత చూస్తాలే.” అంజలై వైపు తిరిగి, ముఖం చాటేసుకుంటూ, “నువ్వు పోబాక. పని చూసుకో,” అని లోపలికి పోయాడు.

అంజలై కదల్లేదు.

“నాకు తెలుసు ముకుందా,” అంది. “మిద్దె మీంద దుప్పట్లు ఆరేస్తా నిన్ను చూస్తా ఉంటిని. ఎంత కష్టపడతా ఉండాడు పిల్లోడు అనుకుంటిని.”

“మరి ముదలాళికి చెప్పలేదేం అక్కా?”

“నువ్వు పక్కనే ఉండావు గదా. నువ్వు చెప్తావని చూస్తా ఉంటిని.” చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. “ముదలాళి అరిస్తే నాకు ఏడుపు రాలే. నువ్వు గోడ తట్టు తిరిగినావు చూడు, అప్పుడు వచ్చింది.”