పొద్దుటి అపాయింట్‌మెంట్

పరాయి దేశంలో, క్లేటన్ అనే ఊళ్లో మా అద్దె ఇంట్లో నేను రెండోసారి డాక్టర్ని కావడానికి చదువుకుంటూ ఉండేదాన్ని. గుంటూరులో రోగుల్ని చూసిన నా డిగ్రీ ఇక్కడ మళ్లీ పరీక్ష పాసైతే తప్ప చెల్లదు. మా ఆయన పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దే పనిలో ఉండేవారు, రెండువేల సంవత్సరం వచ్చేలోగా అవి బాగుపడాలని. మా వీసా ఆయన ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. అది పోతే ఇద్దరం పెట్టెలు సర్దుకోవాల్సిందే.

ఆ చలికాలం, సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆయన ఎడమ కనురెప్ప వాలిపోయి ఉండేది. చపాతీ సగం నమిలి, దవడకి చెయ్యి ఆనించుకుని ఆగిపోయేవారు. తెల్లారేసరికి మామూలు మనిషి. చూడగానే జబ్బు పోల్చుకున్నాను. మయస్తీనియా. నరం పంపిన కబురు కండరానికి సరిగా అందదు. వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది, పడుకుంటే తేరుకుంటుంది. ఆయనకి అంతవరకే చెప్పాను. ఊపిరి కండరాల దాకా పాకవచ్చని చెప్పలేదు.

ఆఫీసులో ఎవరో గమనించి డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు.

"మార్నింగ్ స్లాట్ తీసుకో. నువ్వు డాక్టరువని అక్కడ అనకు. ఈ ఒక్క కాంట్రాక్ట్ రిన్యూ అవనీ, తర్వాత ఏ టెస్టంటే ఆ టెస్టు చేయించుకుంటా," అని మా ఆయన నన్ను బతిమాలారు.

తొమ్మిదింటికి తీసుకున్నాను. ముందురోజు సెలవు పెట్టించి పడుకోబెట్టాను. నమిలే పని లేకుండా పప్పన్నం మెత్తగా కలిపి పెట్టాను. పెళ్లిచూపులకి ముస్తాబు చేసినట్టు చేశాను, సిగ్గులేకుండా.

డాక్టరు మంచివాడే, తొందరలో ఉన్నాడు. చేతులు, మెడ, కాళ్లు నొక్కి చూశాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. తన వేలు పైకెత్తి దాన్నే చూడమన్నాడు, నాలుగు క్షణాలకే దించేశాడు. నిమిషం పాటు చూడనివ్వాలి. యాభై దాకా గట్టిగా లెక్కపెట్టించాలి. అలిసిపోనిస్తే గాని ఆ కండరం నిజం చెప్పదు. ఇదంతా నా నాలుక చివరే ఉంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను.

"జస్ట్ ఓవర్‌వర్క్, మేట్," అని డాక్టరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక మేమిద్దరం హాయిగా నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మూడు వారాలకి మా ఆయనకి జ్వరం తగిలింది. రెండోరోజు తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి, ఊపిరి అందలేదు. అంబులెన్సు వాళ్లు అడగకముందే జబ్బు పేరు చెప్పేశాను. పదకొండు రోజులు మిషనే ఆయనకి ఊపిరి పోసింది.

గొంతులో గొట్టం తీశాక, బొంగురు గొంతుతో ఆయన మొదట అడిగింది ఇదే.

"ఊపిరి ఆగిపోతుందని నీకు ముందే తెలుసా?"

"తెలియదండీ."

"అవునులే. తెలిసుంటే నా మాట వినేదానివా?" అని కళ్లు మూసుకున్నారు.