ఊరేగింపులో విరిగిన చక్రం

కాశీబుగ్గలో నాకొక మందుల షాపు ఉంది. షాపుకు సెలవైన ఆదివారాల్లో నేను గడిపేది మాత్రం మా ఇంటి పోర్టికోలో, ఒక పాత ఎర్ర కారు కింద. పైకప్పు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, వయసులో నాకంటే పెద్దది. ఒక జీడిపప్పు వ్యాపారి గోదాములో బస్తాల వెనక తుప్పుపడుతుంటే కొని తెచ్చుకున్నాను. ఉప్పుగాలికి కుదుపులు ఆపే రబ్బరు బుష్‌లన్నీ పగిలిపోయి, గుంతలో పడితే చాలు రేకు డబ్బాలా మోగేది. ఒక్కొక్కటే మార్చాను. ఎవరొచ్చినా "అంతా నా చేతులతోనే" అని చెప్పుకునేవాణ్ణి.

ముందు చక్రాలను కింద పట్టి ఉంచే ఇత్తడి ముక్కలు మాత్రం మార్చలేదు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వాటి మరల్లో ఇనుప కాడ తిరుగుతుంది. అందులో గేరాయిల్ పొయ్యాలి. పోస్తే కాస్త కారుతుంది. పోర్టికోలో కొత్తగా తెల్ల టైల్స్ వేయించుకున్నాం. వాటిమీద నల్ల మరకలు చూడలేక గ్రీజు కొట్టి ఊరుకున్నాను. చక్రం పట్టుకుని కదిపితే ఊగుతోంది. వానలు తగ్గాక చూద్దామనుకున్నాను.

వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో నాతో చదువుకున్న స్నేహితుడున్నాడు. సొంత బోటులో వేటకెళతాడు. కూతురి పెళ్ళికి కారు అడగడానికి వచ్చాడు.

"పెళ్ళికొడుకుని నీ ఎర్రకారులోనే ఊరేగించాల బావా. మా పిల్ల ఆశ పడతంది."

ఊగుతున్న చక్రం గుర్తొచ్చింది. అయినా "దానికేటి, తెస్తాను" అనేశాను.

పెళ్ళినాటి సాయంత్రం పెళ్ళికొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, డప్పుల వెనక మెల్లగా పోనిస్తున్నాను. పందిరి వైపు మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి టక్కుమని చప్పుడైంది. కారు ఎడమవైపు కూలబడింది. చక్రం విరిగి పక్కకు పడుకుంది. పెళ్ళికొడుకు బాసికం ఊడి నా ఒళ్ళో పడింది.

డప్పులు ఆగిపోయాయి. ముందుగా వినిపించింది పెళ్ళికొడుకు నాయనమ్మ గొంతు.

"పీటలెక్కకముందే సక్రం ఇరిగిపోనాది. ఈ పిల్ల మా ఇంట్లో కాలెట్టకుండానే ఇలగైతే..."

చుట్టూ ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. నా స్నేహితుడు పరుగెత్తుకొచ్చి, "ఏటి బావా ఇది?" అన్నాడు.

రోడ్డు బాగాలేదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నింద పందిట్లో కూర్చున్న పిల్ల మీదికి పోతోంది. కారు కిందికి చెయ్యి పెట్టి, విరిగిన కాడను బయటికి లాగాను. దాని మరల్లో గ్రీజు గట్టిపడి మైనంలా ఉంది. దాన్ని పట్టుకుని ముసలమ్మ ముందు నిలబడ్డాను.

"ఇది అపశకునం కాదమ్మా. ఇందులో నూనె పొయ్యాల. ఇంట్లో టైల్స్ పాడైపోతాయని పొయ్యలేదు. అరిగిందని తెలిసీ మీ మనవణ్ణి ఎక్కించాను."

ఆవిడ ఆ ముక్కను చూడలేదు. నన్నే చూసింది.

"అయితే తప్పు నీదేనేటి?"

"నాదేనమ్మా."

"అందరికీ ఇనబడీలాగ సెప్పు."

గొంతు పెంచి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. వీడియో తీసే అతను లైటు నా మొహం మీదికి తిప్పాడు. టైల్స్ అనగానే ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ఊరంతా నవ్వింది. ముసలమ్మ మనవడి బాసికం తనే సరిచేసి, "నడిసే ఎల్దాం, పదండి" అంది. డప్పులు మళ్ళీ మోగాయి.

పెళ్ళి జరిగింది. నేను పందిట్లోకి వెళ్ళలేక కారు పక్కనే కూర్చున్నాను. స్నేహితుడి భార్య నీళ్ళ చెంబు తెచ్చి, "సేతులు కడుక్కో అన్నయ్యా, బోయనానికి రా" అంది. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

కొన్నాళ్ళకు స్నేహితుడు ఫోన్ చేశాడు. మొదటిసారి తియ్యలేదు. రెండోసారి తీశాను.

"పెళ్ళి వీడియో ఒచ్చింది బావా. నువ్వు మాటాడిందంతా పడిపోనాది. తీయించీమంటావేటి?"

తీయించెయ్యమనే మాట నోటిదాకా వచ్చింది.

"ఉండనీ," అన్నాను.

వాళ్ళింట్లో చుట్టాలొచ్చినప్పుడల్లా దాన్ని వేసుకుని చూస్తారట. నేనింకా చూడలేదు.