మహిళా మండలికి తనిఖీ వచ్చిన శ్రావణ శుక్రవారం

మా చిన్నప్పుడు... అంటే వనపర్తిలో ఎస్టీడీ బూత్‌లు మూతపడి సెల్‌ఫోన్ దుకాణాలు లేస్తున్న రోజులు. బజారు నడుమ పాత మహిళా మండలి ఉండేది. సున్నపు గోడలు, బండల నేల. మగవాళ్లు మెట్టు కిందే నిలబడి పిలవాలి. లోపల ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవాలని మా నాన్నకు నాకంటే ఎక్కువ ఆరాటం!

రహమత్ ఖాలా, అంటే మా పిల్లలందరికీ పిన్ని వరస, అక్కడ ఆడపిల్లలకు కుట్టుమిషను నేర్పేది. నాకూ నేర్పింది... నాకు వచ్చిందల్లా సూదులు దాచిపెట్టడమే.

ఒక మధ్యాహ్నం ఫైలు పట్టుకుని మున్సిపాలిటీ నుంచి ఒక సారు దిగాడు. ఎవరూ వాడటం లేదని తేలితే కూలగొట్టి దుకాణాల కాంప్లెక్సు కడతారట. లోపల చూస్తే ఖాలా, నేను... అంతే! మిగతా ఆడవాళ్లంతా వెనక వీధిలో శ్రావణ శుక్రవారం పేరంటంలో ఉన్నారు.

"జర ఉరికి అందర్ని పిల్సుకరా బిడ్డా," ఖాలా గొణిగింది. "ఖాళీ అని రాసుకపోతే నా మిషన్లు రోడ్డు మీదనే."

ఉరికాను. మా అమ్మ తల కూడా తిప్పలేదు. "పేరంటం అయినంక వస్తం, పో పోరీ!"

వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. చేతికందిన గోనెసంచిలో అన్నీ కుక్కి... పరుగో పరుగు.

"నీ చేతులిరగ! మా చెప్పులేడికి తీస్కపోతున్నవే?"

పసుపు పాదాలతో, కొంగులో వాయినం శనగలతో, వీధి వీధంతా నా వెనకే. నేను మండలిలో దూరితే వాళ్లూ దూరారు!

సారు నోరెళ్లబెట్టాడు. "గింతమంది వస్తరా ఈడికి?"

ఖాలా తొణకలేదు. "పండుగ గదా సార్, ఇయ్యాల తక్కువ మందే వచ్చిన్రు."

మా అమ్మకు సంగతి అప్పుడర్థమైంది. నన్ను చూసి పళ్లు కొరికి, సారు దోసిలి నిండా శనగలు పోసింది. ఫైలు చంకలో, శనగలు చేతుల్లో... ఇక పెన్నెలా పట్టుకుంటాడు? నిలబడి అన్నీ నమిలి, తలూపి వెళ్లిపోయాడు.

తర్వాత ఏం రాశాడో! మమ్మల్ని నమ్మాడా... తెలిసే ఊరుకున్నాడా? ఇప్పటికీ అంతు చిక్కదు. సాయంత్రం నా వీపు మాత్రం విమానం మోత మోగింది.

మొత్తానికి మండలి నిలబడింది. మొన్న పోయి చూశాను... చుట్టూ మూడంతస్తుల కాంప్లెక్సులు, నడుమ అది. తలుపుకు తుప్పు తాళం. ఖాలా పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు కూలగొట్టకుండా ఆపాం గానీ... ఖాళీ కాకుండా ఆపలేకపోయాం.

మీ ఊర్లో ఆడవాళ్లు ఇంటి పని మరిచి కూర్చునే జాగా ఉందా? ఉంటే దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని చెప్పండి...